రెండు కూతల రీలు

1968లో వరికోతలు అయిపోయి పొగమంచు పడే రోజుల్లో మా టూరింగ్ టాకీసు డేరా పాలకొండ అవతల, కొండని ఆనుకుని ఉన్న ఒక ఊళ్ళో వేశారు. నేను ఆపరేటర్ని, అంటే సినిమా మిషను నడిపేవాణ్ణి. నా పైన మేనేజరు ఒక్కడే. ఫిల్మ్ పెట్టెలు ఆమదాలవలస దాకా రైల్లో, అక్కణ్ణించి బస్సు పైన, ఆఖర్న ఎడ్లబండి మీద వచ్చేవి. నాకప్పటికి చదువు లేదు. అక్షరాలు నలభయ్యేళ్ళు దాటాక నేర్చుకున్నాను. డబ్బాల మీద సుద్దతో గీతలు గీసుకుని రీళ్ళు వరస పెట్టేవాణ్ణి. గీత చెరిగితే కథ వెనకది ముందుకి వచ్చేది. జనం పెద్దగా పట్టించుకునేవారు కాదు.

పట్నం హాళ్ళలో రెండు మిషన్లుంటాయి. ఒకటి ఆగేసరికి రెండోది అందుకుంటుంది. డేరాలో ఒకటే. రీలు అయిపోతే మిషను ఆపి, ఇంకోటి ఎక్కించి, వెలుగిచ్చే కార్బన్ కడ్డీలు సరిచేసుకుని మళ్ళీ మొదలుపెట్టాలి. ఆ మధ్యలో డేరాలో దీపం వెంటనే వెయ్యాలని లైసెన్సు షరతు. మధ్యలో కట్టిన తడికకి అటు ఆడవాళ్ళు, ఇటు మగవాళ్ళు. చీకట్లో ఏదైనా జరిగితే మేనేజరు మెడకి చుట్టుకుంటుంది.

ఆ వారం వేసింది అడవి దెయ్యం సినిమా. గొప్పదేం కాదు. బొగ్గులు కాల్చేవాడి పెళ్ళాం మొగుడితో గొడవపడి, వాణ్ణి ఒంటరిగా అడవిలోకి పొమ్మంటుంది. వాడు తిరిగి రాడు. ఆ తరవాత పొద్దుగూకే వేళ అడవి అంచునించి వాడి గొంతుతో ఎవరో కూతేస్తారు. ఆవిడ తలుపు పట్టుకుని నిలబడుతుంది. రెండు కూతలు పడ్డాక నాలుగో రీలు అయిపోతుంది. మూడో కూత అయిదో రీలు మొదట్లో.

మొదటి ఆట చీకటి పడగానే. మంచుకి తడిసిన డేరా గుడ్డ బరువుగా ఊగుతూంటే, తెర కూడా ఊపిరి తీస్తున్నట్టు కదిలేది. చుట్టల పొగ వెలుగులో తేలుతూ పోయి తెర మీది అడవిలో కలిసేది. తెర వెనక అసలు కొండ. ఏ చెట్టు సినిమాదో, ఏ చెట్టు ఊరిదో తెలిసేది కాదు. రెండో కూత పడి రీలు ఆగింది. నేను దీపం వెయ్యబోయేలోగా ఆడవాళ్ళ వైపునించి ఒక గొంతు, “వత్తన్నానయ్యో, అక్కడే ఉండు” అంది.

దీపం వేశాను. పైడమ్మ అనే పాతికేళ్ళ మనిషి నిలబడి ఉంది. ఆమె అత్త సూరమ్మ పక్కన కూర్చుని కొంగు లాగుతోంది. “కూకోయే. మూడోది రాకుండా పలుకుతావేటి?”

తడికకి ఇవతల ఎవడో, “ఒసే పైడీ, ఆడు సినిమావోడే. నిన్ను కాదు పిలిసింది” అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. మిగతావాళ్ళు నవ్వలేదు.

ఎందుకో మర్నాడు తెలిసింది. ఆ ఊళ్ళో పొద్దు పోయాక కొండవైపునించి కూత వస్తే మూడోసారి దాకా పలకరు. దెయ్యం రెండుసార్లే పిలుస్తుందని, మూడోది మనిషిదని వాళ్ళ నమ్మకం. పైడమ్మ రెండో కూతకే పలికింది గనక దెయ్యం ఊళ్ళోకి దిగుతుందని పెద్దలు మా డేరా దగ్గరికి వచ్చి కూర్చున్నారు. ఆమెని డేరాలోకి రానిస్తే డేరా ఎత్తించేస్తామన్నారు. రానివ్వనని మేనేజరు మాటిచ్చాడు.

మధ్యాహ్నం నేను మిషను తుడుచుకుంటూంటే పైడమ్మ వెనకనించి వచ్చింది. నిలబడే చెప్పింది. కిందటి చలికాలం ఆమె మొగుడు అప్పన్న వెదుళ్ళు కొట్టడానికి కొండెక్కాడు. చీకటి పడ్డాక రెండు కూతలు వినిపించాయి. ఆమె పలకబోతే అత్త అరచేత్తో నోరు మూసింది. ఇద్దరూ మూడో కూత కోసం కాచుకున్నారు. అది రాలేదు. తెల్లారి చూస్తే అప్పన్న వాలులో, విరిగిన కాలితో, వెదుళ్ళ మోపు కింద చచ్చిపడి ఉన్నాడు.

“ఆడు మడిసే బాబూ. మూడోదానికి ఊపిరి సాలలేదు” అంది. “నాను సరీగ పలకనేదు. నువ్వు దీపమేసీసినావు. ఈయేల కూసింతసేపు ఏయకు.”

షరతు సంగతి చెప్పాను. “నీ సరతులు నాకేటి తెలుస్తాయి? సీకటుంటేనే ఆడికి ఇనపడతాది” అంది. మేనేజరు వాకిలి దగ్గర కదా రానివ్వనన్నది, మగవాళ్ళ వైపున్న నా మిషను గదికి వెనక వేరే దారుంది. సాయంత్రం అటు రమ్మన్నాను.

ఆ ఆటకి సూరమ్మ ఒక్కతే టిక్కెట్టు కొనుక్కుని వచ్చి అదే చోట కూర్చుంది. నాలుగో రీలు ఆగింది. నేను స్విచ్చి మీద చెయ్యి పెట్టి ఊరుకున్నాను. డేరా గుడ్డ మీంచి మంచు బొట్లు రాలుతున్నాయి. నా పక్కన పైడమ్మ నోరు తెరిచింది.

అప్పుడు తడికకి అవతలినించి ముసలి గొంతు వచ్చింది.

“ఒరే అప్పన్నా. వత్తన్నాన్రా నాయినా, అక్కడే ఉండు. దాని నోరు నానే మూసినాన్రా.”

ఆ మాట విన్నాకే పైడమ్మకి పలుకు వచ్చింది. “నానూ వత్తన్నాను” అంది, చిన్నగా.

దీపం వేశాను. సూరమ్మ వెనక్కి తిరిగి చూసింది. “అక్కడేటి సేస్తన్నావే, మగోళ్ళ మద్దెన? ఇలగొచ్చి కూకో.” పైడమ్మ ఆటకి వచ్చిన పెద్దల ముందునించే నడిచి వెళ్ళి అత్త పక్కన కూర్చుంది. ఎవరూ ఆపలేదు.

అయిదో రీలులో మూడో కూత పడి, కోరల దెయ్యం వచ్చింది. ఒక్కరూ జడవలేదు. “ఈడెవడ్రా” అన్నాడొకడు. డేరా అంతా నవ్వింది. అత్తాకోడళ్ళూ నవ్వారు.

తరవాత చాలా భయం సినిమాలు నడిపాను. జనం వణికేది కోరలకి కాదని నాకు ఆ ఊళ్ళోనే తెలిసింది. పలకకుండా ఉండిపోయిన మాట ఒకటి ఎవరికి వాళ్ళకి ఉంటుంది, అడవీ చీకటీ చూపిస్తే అది కదులుతుంది. అందుకని అలాంటి రీలు ఆగినప్పుడల్లా దీపం కాస్త ఆలస్యంగా వేసేవాణ్ణి. ఏమిటీ జాప్యమని మేనేజరు తిడితే, కడ్డీలు చల్లారాలి కదా అనేవాణ్ణి.