పెద్ద డ్రమ్ము చేసిన తప్పులు

బ్యాండు మాస్టారికి ఉన్నది ఒకటే జబ్బు. తప్పు ఎవరు చేసినా ఆయన తిట్టేది పెద్ద డ్రమ్మునే.

ట్రంపెట్ గొంతు జీరబోయినా, ఫ్లూటు నాలుగడుగులు ముందే పరుగెత్తినా, తాళాల పిల్ల ఆవలిస్తూ తాళం వేయడం మరిచినా ఆయన చేతిలో పుల్ల గాలిలో ఆగిపోతుంది. "ఏమయ్యా పెద్ద డ్రమ్మూ! బుద్ధుందా?" ఆ డ్రమ్ము బరువుకి పిల్లలు ముందుకి తూలుతారని దాన్ని బడి అటెండరు మెడకి తగిలించారు. ఇరవై రెండేళ్ళుగా అతను గంట కొడుతున్నాడు, డ్రమ్ము కొడుతున్నాడు, తిట్లు తింటున్నాడు. మూడింటిలోనూ చెయ్యి తిరిగినవాడు.

"తప్పయింది మాస్టారూ" అంటాడు. మళ్ళీ మొదటి నుంచీ.

పోనీ ఆ తిట్లయినా తిన్నగా ఉంటాయా? "పెదవి అంత బిగించకు, వదులు చెయ్!" ఇది డ్రమ్ముకి. "ఊపిరి దాచుకుని ఏం చేసుకుంటావ్, కూతురి పెళ్ళికా?" ఇదీ డ్రమ్ముకే. ఒకసారి "ఉంగరం వేలు పైకెత్తు" అని కూడా ఆ డ్రమ్మునే గదమాయించాడు.

ఇవన్నీ లెక్కల టీచరుకి కంఠతా వచ్చు. ఆమె తరగతి గది సరిగ్గా బ్యాండు గది మీద. పదేళ్ళుగా ఆమె గీసిన త్రిభుజాలన్నీ కిందినుంచి వచ్చే కీచులకి వణుకుతూనే ఉన్నాయి. ఆమె పద్ధతి వేరు. లెక్క తప్పిన పిల్లవాడి పేరు బోర్డు మీద గుమ్మడికాయంత అక్షరాలతో రాస్తుంది. తప్పు అతనిది, పేరూ అతనిదే. అంతా పద్ధతిగా ఉంటుంది.

అలాంటి మనిషికి, కింద గదిలోని ఈ మాస్టారికి సన్మానాలు జరుగుతుంటే ఒళ్ళు మండదా? బ్యాండు గది బీరువా మీద పదకొండు జ్ఞాపికలు. వాటిలో నాలుగు గడియారాలు. నాలుగూ నాలుగు టైములు చూపిస్తాయి, అదీ తాళం నేర్పే గదిలో! ప్రశంసాపత్రాల్లో ఆయన నాదతపస్వి, తరతరాల వెలుగు. వెలుగు మాట దేవుడెరుగు, ఆ గదిలో ట్యూబులైటే వెలగదు. పైగా ఆమె కూతురూ ఆ బ్యాండులోనే ఉంది, ఐదు క్లారినెట్లలో ఒకటిగా. పిల్ల చక్కగా వాయిస్తుంటే పక్కవాళ్ళు చెడగొడుతున్నారని ఆ తల్లి బాధ.

ఒకరోజు ఇక తట్టుకోలేక హెడ్మాస్టరు గదికి వెళ్ళింది.

"సార్, ఆయనకి చెవుడు."

"అంతమాట అనకండమ్మా. పెద్దాయన."

"పెద్దాయనే. వయసుతో పాటు చెవులు పెరగవుగా! నిన్న కీచుమన్నది క్లారినెట్, తిట్టింది డ్రమ్ముని. చంటిపిల్లనడిగినా చెబుతుంది."

హెడ్మాస్టరు మనసు అప్పటికే ఒక స్పీకరు పెట్టె మీద ఉంది. మీట నొక్కితే కవాతు పాట, మళ్ళీ నొక్కితే నిశ్శబ్దం. పెట్టె ఆవలించదు, సెలవడగదు.

"పరీక్ష పెట్టండి" అందామె. "నెగ్గితే నేను క్షమాపణ చెబుతా. ఓడితే బ్యాండు మూసేసి పెట్టె తెప్పించండి."

ప్రశ్నపత్రం కూడా తనే తయారుచేసింది. అటెండరుని పిలిచి, "రేపు కర్ర ఊపు, డ్రమ్ముకి మాత్రం తగలనివ్వకు" అంది.

"చప్పుడు రాదు కదమ్మా?"

"రాకూడదనే."

మర్నాడు హెడ్మాస్టరు వచ్చి కూర్చున్నాడు. బ్యాండు మొదలైంది. అటెండరు దోమల్ని తోలుతున్నట్టు కర్ర ఊపుతున్నాడు. పాట ఎనిమిదో వరుసకి రాగానే ఒక క్లారినెట్, తోక తొక్కిన పిల్లిలా కీచుమంది. పుల్ల ఆగింది.

"ఏమయ్యా పెద్ద డ్రమ్మూ! పెదవి వదులు చెయ్యమని ఎన్నిసార్లు చెప్పాలి?"

హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నాడు. "మాస్టారూ, డ్రమ్ము ఇవాళ మోగనేలేదు. పోనీ, తప్పెవరిదో ఒక్క పేరు చెప్పండి. మీ చెవులు బాగున్నాయని ఒప్పేసుకుంటాను. బ్యాండు మీదే."

ముప్పైమంది పిల్లలు నేల చూశారు. మాస్టారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"మోగాల్సిన చోట మోగకపోవడం తప్పు కాదా సార్? అందుకే తిట్టాను."

"సోమవారం పెట్టె వస్తుంది" అన్నాడు హెడ్మాస్టరు లేస్తూ.

"అలాగే సార్." మాస్టారు అటెండరు వైపు తిరిగాడు. "విన్నావుగా? అంతా నీవల్లే."

"తప్పయింది మాస్టారూ."

ఆ సాయంత్రం టీచరు గెలుపు ఉత్సాహంతో ఇల్లు చేరింది. కూతురు కంచం ముట్టలేదు.

"అమ్మా, ఆ కీచు నాది."

"ఇవాళ్టిదా?"

"అన్నీ."

"నోర్ముయ్. అయితే నిన్ను తిట్టేవాడుగా?"

"నన్నే తిట్టాడు. డ్రమ్ముకి పెదవులెక్కడున్నాయమ్మా?"

లెక్కల టీచరు పదేళ్ళుగా విన్న తిట్లు ఒక్కొక్కటీ వచ్చి తమ తమ కుర్చీల్లో కూర్చుంటున్నాయి.

"మరి ఆ ఉంగరం వేలు?"

"అది ఫ్లూటు పిల్లకి. ఊపిరి ట్రంపెట్‌కి. ఎవరి తిట్టు వాళ్ళకే తెలుస్తుంది, పక్కవాళ్ళకి తెలీదు. మొదట్లో నాకు క్లారినెట్ పట్టుకోవాలంటేనే భయం. ఒక్కసారి పేరు పెట్టి అనుంటే ఆ రోజే మానేసేదాన్ని."

"మరి పాపం, ఆ అటెండరు?"

"ఆయనకి మొదటినుంచీ తెలుసు. డ్రమ్ము బరువు కన్నా మాస్టారి తిట్లే తేలిక అంటాడు."

తెల్లారగానే ఆమె హెడ్మాస్టరు ముందు నిలబడింది.

"ప్రశ్నపత్రం తప్పు సార్. అందరికీ మార్కులు కలపాలి."

"తయారుచేసిందెవరు?"

"నేనే. ఆయన పరీక్ష నెగ్గాడు. క్షమాపణ కూడా చెప్పేస్తాను."

"పెట్టె ఆర్డరిచ్చేశానమ్మా!"

"వెనక్కి పంపండి. కీచుమనడం కూడా రాని పెట్టె ఏం నేర్చుకుంటుంది?"

తీరా మాస్టారి దగ్గరికెళ్ళి క్షమాపణ చెబితే, ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టి, "ఏంటమ్మా, వినపడలేదు" అన్నాడు. మూడుసార్లు చెప్పించుకున్నాడు. తపస్వులింతే.

వార్షికోత్సవం నాడు హాలు నిండిపోయింది. పాట సగంలో క్లారినెట్ పిల్లి మళ్ళీ కీచుమంది. ముఖ్య అతిథి ఉలిక్కిపడ్డాడు. ముందు వరుసల్లో తలలు అటూ ఇటూ తిరిగి వెతుకుతున్నాయి. మాస్టారు పుల్ల ఆపాడో లేదో, మూడో వరుసలోంచి లెక్కల టీచరు లేచి నిలబడింది.

"ఏమయ్యా పెద్ద డ్రమ్మూ! ఆ పెదవి కాస్త వదులు చెయ్!"

హాలంతా డ్రమ్ము వైపు తిరిగింది.

"తప్పయిందమ్మా" అన్నాడు అటెండరు. వినయంగా పెదవి వదులు చేశాడు.