చేతులు వెనక్కి

తిరువూరు ఆస్పత్రిలో కొత్తగా చేరిన నర్సులం మేము. డాక్టరు లేని ఊళ్ళకి వెళ్ళి మేమే మందులివ్వాలి గనక, ఆ పని నేర్పడానికి మాకొక డాక్టరమ్మ ఉండేది. ఆవిడ మొదట నేర్పింది మందుల పేర్లు కాదు, రోగి ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడటం. చేతులు ఖాళీగా ఉంటే సూది మీదికి పోతాయని ఆవిడ నమ్మకం. రోగి చెప్పడం ఆపగానే "ఇంకా?" అని అడగాలి. ఏం లేదన్నా మళ్ళీ "ఇంకా?" అనాలి. పెళ్ళిలో వడ్డించేవాళ్ళు కూడా ఇంత బతిమాలరని నేననేదాన్ని.

ఒకరోజు పెనుగొలను నుంచి ఒక రైతు, కాలికి చీము పట్టి, భార్యతో వచ్చాడు. వంతు నాది.

"పెన్సిలిన్ సూది వెయ్యమ్మా. బిళ్ళలకి తగ్గే ఒళ్ళు కాదిది."

"ఇదివరకు ఆ సూది ఎప్పుడైనా ఒంటికి పడకుండా పోయిందా?"

"అదేం లేదు."

"ఇంకా?"

"లేదన్నానుగా!"

నా చేతులు అప్పటికే సగం ముందుకొచ్చాయి. నా వెనక నుంచి డాక్టరమ్మ మెల్లగా, "ఇంకా?" అంది.

రైతు మొహం పక్కకి తిప్పుకున్నాడు. చివరికి ఆయన భార్యే ఉండబట్టలేకపోయింది. "పోయినేడు ఆ సూదికే మొహం వాచి, ఊపిరాడక, పోయినంత పనయిందమ్మా ఈయనకి!"

"నోరుమూసుకోవే! చెబితే సూది వెయ్యరుగా!"

వేరే బిళ్ళలిచ్చి పంపాం. "ఒక్క సూది వెయ్యలేరు, ఇదీ ఒక ఆస్పత్రేనా!" అని గేటు దాకా తిడుతూనే వెళ్ళాడు.

"ప్రాణం కాపాడినందుకు సన్మానం బాగానే జరిగిందండీ" అన్నాను.

డాక్టరమ్మ కిటికీ దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని, ఆ తిట్లు శ్రద్ధగా వింటోంది.

"తిట్టనీ అమ్మాయ్. అంత గట్టిగా అరుస్తున్నాడంటే ఊపిరి బాగా ఆడుతున్నట్టే."