రోడ్డుకు ఎదురుగా గేటు

ఆ రోజుల్లో మేడ్చల్ వైపు స్థలం కొనాలనుకునేవాళ్ళు ఆదివారం బయలుదేరేవారు. వెంచర్ వాళ్ళు సికింద్రాబాద్ నుంచి ఉచితంగా బస్సు పెట్టేవారు. చేతికి పులిహోర పొట్లం ఇచ్చి, ద్రాక్షతోటలు కొట్టేసిన ఎర్రమట్టిలో సున్నపు గీతల మధ్య నిలబెట్టి, "ఇక్కడ మీ హాలు, ఇక్కడ మీ వంటిల్లు" అంటూ గాలిలో ఇల్లు కట్టి చూపించేవారు. మాకేమో ఆదివారం చర్చిలో ఆరాధన. అది కాగానే సంఘంలో భోజనం, సాయంత్రం స్త్రీల కూడిక. అవన్నీ మానేసి స్థలాలు చూడ్డానికి వెళ్ళాలన్న ఊహ కూడా మా ఆయనకు వచ్చేది కాదు. జీడిమెట్లలో ఆయన ఫ్యాక్టరీకి ఎప్పుడో వారం మధ్యలో సెలవొస్తే వెళ్ళేవాళ్ళం. అప్పటికి తూర్పు ముఖం, ఉత్తరం ముఖం, మూల స్థలాలు అన్నీ ఆదివారం జనం పట్టుకుపోయేవారు.

గాజులరామారంలో అద్దె వాటాలో ఉంటూ ఇలా చాలాకాలం తిరిగాం. చివరికి మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్ళే దారిలో ఒక స్థలం మా కోసమే అన్నట్టు మిగిలింది. అది ఎందుకు మిగిలిందో చూడగానే తెలుస్తుంది. పొడవాటి రోడ్డొకటి బాణంలా వచ్చి సరిగ్గా దాని ముందు ఆగిపోతుంది. దాన్నే వీధిపోటు అంటారు. అలాంటి చోట ఇల్లు కడితే అరిష్టమని జనం భయం.

బ్రోకరు నిజాయితీపరుడు. "సార్, ముందుగాల్నే చెప్తున్న. గిది వీధిపోటు. రేపు నన్ను తిట్టొద్దు" అన్నాడు.

"మాకు అలాంటి పట్టింపులు లేవయ్యా. దేవుడున్నాడు" అన్నారు మా ఆయన.

"మాక్కూడ ఉన్నడు సార్. గాని ఆయన సుత రోడ్డుకు ఎదురుంగ నిలవడడు, జర పక్కకుంటడు."

మా ఆయన నవ్వి అడ్వాన్సు ఇచ్చారు. ఆ ఆదివారమే సంఘంలో లేచి సాక్ష్యం చెప్పారు. లోకం వద్దన్న స్థలాన్ని దేవుడు మా కోసం దాచి ఉంచాడని, ఇల్లు కట్టాక గేటును ఆ రోడ్డుకు సూటిగా ఎదురుగానే పెట్టి, భయపడేవాళ్ళందరికీ విశ్వాసం అంటే ఏమిటో చూపిస్తానని. సంఘమంతా "ఆమేన్" అంది. నేనూ గట్టిగానే అన్నాను. ఇల్లు పూర్తయ్యాక గృహప్రతిష్ఠ రోజున పాస్టరుగారు ఆ గేటు మీద చెయ్యి వేసి ప్రత్యేకంగా ప్రార్థన చేశారు. దాంతో అది వట్టి ఇనప గేటు కాకుండా పోయింది.

మా వెనకే ఒక అవ్వ ఉండేది. ఇంకా ప్లాట్లుగా మారని కాస్త పొలం, నాలుగు బర్రెలు ఆమె ఆస్తి. మాకు పాలు పోసేది ఆమే. మొదటి రోజే గేటు ముందు నిలబడి ముక్కున వేలేసుకుంది.

"ఏంది బిడ్డా, గేటు గట్ల వెట్టిన్రు? గోడల చిన్న వినాయకుణ్ణన్న వెట్టుకోరాదు?"

"మేం పెట్టుకోం అవ్వా."

"మీరు వెట్టకున్రి. నేనే వెడ్త. మీకేం పాపం తాకది."

ఆమెను ఆపడానికి నాకు రెండు గ్లాసుల టీ ఖర్చయింది.

ఎప్పుడూ తెరిచే ఉండే ఆ గేటుగుండా లోపలికి రానిది లేదు. అందరికంటే ముందు అవ్వ బర్రెలే వచ్చాయి. సాయంత్రం ఇంటికి పోతూ రోడ్డు ఎటు తీసుకెళ్తే అటు నడిచి మా వాకిట్లోకి వచ్చేవి, మా ఆయన పెంచుకున్న క్రోటన్స్ తిని పోయేవి. శామీర్‌పేట చెరువు వైపు నుంచి వచ్చే గాలి కాలనీలోని కాగితాలన్నీ మోసుకొచ్చి మాకు అప్పగించేది. ఒకసారి ఎవరిదో పెళ్ళి బారాత్, బ్యాండు వాయిస్తూ వాయిస్తూ, దారి మలుపు తెలియక నేరుగా లోపలికొచ్చి ఇంకో పాట అందుకుంది. మా ఆయన దేనికీ విసుక్కునేవారు కాదు. "తలుపు తెరిచి ఉన్న ఇల్లు ఇది" అంటూ పెళ్ళికొడుక్కి మంచినీళ్ళు ఇచ్చారు.

నాకూ అదంతా సరదాగానే ఉండేది, కాలనీలో ఆడవాళ్ళు స్కూటీ నేర్చుకోవడం మొదలుపెట్టేదాకా.

మా ముందున్నంత తిన్నటి రోడ్డు చుట్టుపక్కల ఇంకోటి లేదు. అందుకని అందరూ అక్కడే నేర్చుకునేవారు. మా అమ్మాయికి అప్పుడు మూడేళ్ళు. ఇల్లు కట్టగా మిగిలిన ఇసుక కుప్ప గేటు లోపలే ఉండేది, పిల్లకు పొద్దస్తమానం అందులోనే కాపురం. ఒక మధ్యాహ్నం చేతులు కడగడానికి దాన్ని ఎత్తుకుని పంపు దగ్గరికి వెళ్ళానో లేదో, వెనక పెద్ద కేక. అవతలి చివరింటావిడ స్కూటీతో సహా గేటులోంచి వచ్చి ఇసుక కుప్ప ఎక్కి కూలబడింది.

"బ్రేకు పట్టుకుందామనే అనుకున్నానండీ, చెయ్యి మాట వినలేదు" అంది ఇసుక దులుపుకుంటూ.

ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఆవిడ లేచి బండి పక్కకు లాగాక చక్రం కింద మా పిల్ల బొమ్మల బకెట్ కనిపించింది, అప్పడంలా. నా నవ్వు ఆగిపోయింది.

ఆ సాయంత్రం ఆయనతో అన్నాను: "గేటును గోడ చివరికి జరిపిద్దామండీ. రోడ్డుకు ఎదురుగా గోడ వస్తుంది."

ఆయన ముఖం వాడిపోయింది. "జరిపితే సంఘంలో ఏ ముఖం పెట్టుకుని నిలబడను? కాలనీ వాళ్ళు ఏమంటారో తెలుసా? చివరికి వీళ్ళూ వాస్తుకు లొంగారంటారు. ఇన్నాళ్ళ సాక్ష్యం ఏం కావాలి?"

"పిల్లేం కావాలండీ?"

"తాళం వేసి ఉంచుదాం."

"మనింట్లో కూడికకు వచ్చేవాళ్ళు గోడ దూకి రావాలా?"

"ప్రార్థన చేద్దాం" అన్నారు. చేశాం. గేటు జరిగేలా చూడమని నేను పైకే ప్రార్థించాను. స్కూటీ నేర్చుకునే అక్కచెల్లెళ్ళ చేతులకు బలం ఇమ్మని ఆయన ప్రార్థించారు. ఒకరి ప్రార్థనకు ఒకరం ఆమేన్ చెప్పాల్సి వచ్చింది. చెప్పాం, కానీ అంత నీరసపు ఆమేన్ ఆ ఇంట్లో ఎప్పుడూ వినపడలేదు. ఆ రోజు నుంచి పిల్లను వాకిట్లోకి వదలడం మానేశాను. అది కిటికీ ఊచలు పట్టుకుని ఇసుక కోసం ఏడ్చేది.

మేం లేఖనాన్ని వరసగా చదువుతాం, నచ్చిన చోటు ఏరుకోం. ప్రతి ఉదయం ఆయన పైకి చదివేవారు, నేను కూరలు తరుగుతూ వినేదాన్ని. ఆ రోజుల్లో బైబిల్లో ధర్మశాస్త్రం నడుస్తోంది. పొలాల గురించి, పశువుల గురించి ఆజ్ఞలు అవీ చదువుతూ, కొత్త ఇల్లు కట్టుకునేవాడికి ఇచ్చిన ఆజ్ఞ దగ్గరికి వచ్చారు. ఇంటి పైకప్పుకు పిట్టగోడ కట్టించాలి, ఎవరైనా పడితే ఆ దోషం ఇంటి మీదికి వస్తుంది, అని. ఆయన అక్కడ వేలు పెట్టి చదవడం ఆపారు. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తలెత్తలేదు.

"మన డాబాకు పిట్టగోడ ఉందిగా" అన్నారు.

"డాబాకు ఉంది" అన్నాను.

ఆ వారమే మేస్త్రీ వచ్చాడు. గేటు గోడ చివరికి పోయింది, దాని చోటు ఇటుకలతో మూసేశారు. మరుసటి ఆదివారం మా ఆయన సంఘంలో లేచి దాని గురించి కూడా సాక్ష్యం చెప్పారు. ముందు చెప్పినదానికంటే అది పొట్టిది. నాకు అదే ఎక్కువ నచ్చింది.

సంఘం అర్థం చేసుకుంది. కాలనీ మాత్రం తనకు కావాల్సింది అర్థం చేసుకుంది.

"జరిపిండ్రా! నేను చెప్తే ఇన్లే. ఏ అయ్యగారు జెప్పిండు?" అంది అవ్వ పాలు పోస్తూ. మా ఆయన పిట్టగోడ ఆజ్ఞ మొదలుపెట్టి, చివరిదాకా ఓపిగ్గా వివరించారు. ఆమె అంతా విని, "యాడ రాసుంటేంది సారు, గేటైతే జరిగింది గద" అని గిన్నె తీసుకుని పోయింది.

అంతకంటే పెద్ద దెబ్బ బ్రోకరు కొట్టాడు. ఆ సంగతీ అవ్వే మోసుకొచ్చింది. "ఆదివారం మీరు సర్చికి వోంగనే ఈడ బస్సు ఆగుతాంది బిడ్డా. మీ గోడకాడ అందర్ని నిలవెట్టి జెప్తాండు. కిరస్తానోళ్ళే వీధిపోటు తట్టుకోలేక గేటు జరుపుకున్నరు, ఇగ మనమెంత, తూర్పు ముఖం ప్లాటే తీసుకోండ్రి అని. మస్తు అమ్ముడువోతున్నయంట."

మా ఆయన అన్నం సగంలో లేచారు. "గోడ మీద రాయిస్తాను, ఇది వాస్తు కోసం కాదని" అన్నారు.

"రాయించండి. బ్రోకరు దాన్ని కూడా చదివి వినిపిస్తాడు" అన్నాను. మళ్ళీ కూర్చున్నారు. కానీ ఆ ముద్ద ఆయనకు సహించలేదని తెలుస్తూనే ఉంది.

తర్వాత కొన్నాళ్ళకు, ఒక శనివారం సాయంత్రం, మా పక్క వరసలో స్థలం చూసుకోవడానికి భార్యాభర్తలు వచ్చారు. బెజవాడ వైపు మాట. యాప్రాల్‌లో అద్దెకుంటున్నారట. మా ఆయన వాకిట్లో ఫ్యాక్టరీ బూట్లు విప్పుకుంటున్నారు. పిల్ల ఇసుకలో ఉంది. అతను గోడవతలి నుంచే పలకరించాడు.

"ఏమీ అనుకోకండి మాస్టారూ. ఈ గేటు వాస్తు కోసమే జరిపారటగా?"

నేను వంటింటి గుమ్మంలో ఆగిపోయాను. ఇన్నాళ్ళుగా ఆయన ఎదురుచూసిన ప్రశ్న అది. ఇక చీకటి పడేదాకా వీళ్ళకు విడుదల లేదనుకున్నాను. ఆయన మాత్రం పిల్ల వైపు చూశారు. అది గుప్పెళ్ళతో ఇసుక తీసి తన నెత్తి మీదే పోసుకుంటోంది.

"కాదండీ. మా అమ్మాయి కోసం" అన్నారు, అంతే.

ఆ భార్య ముఖం జాలిగా పెట్టి, గొంతు తగ్గించి అడిగింది: "అయ్యో, పాప జాతకంలో ఏమన్నా ఉందాండీ?"

మా ఆయన నవ్వడం మొదలుపెట్టారు. ఒక బూటు కాలికి, ఒక బూటు చేతిలో, కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వారు. గేటు జరిగాక ఆయన అలా నవ్వడం అదే మొదలు.

వాళ్ళకు ఏమీ అర్థం కాకపోయినా మర్యాదకు కాస్త నవ్వారు. అప్పుడు అతను మెల్లగా అసలు సంగతికి వచ్చాడు. "మాకు చూపించిందీ రోడ్డుకు ఎదురేనండీ. ఇల్లు కడితే గేటు ఎటు పెట్టుకోమంటారు?"

మా ఆయన బూటు కింద పెట్టి లేచి, గేటు తీసి పట్టుకున్నారు.

"లోపలికి రండి, టీ తాగుదురుగాని" అన్నారు. "ముందు ఇది చెప్పండి. మీకు పిల్లలెంతమంది?"