తలుపు మీద బొగ్గు గీతలు

మా బిడ్డకు ఆడపిల్ల పుట్టింది, నేను తాతనైపోయాను! దవాఖానలో నర్సమ్మ టేపు పట్టి "తాతా, మెజర్ చేసిన, మంచి పొడుగున్నది" అనగానే మా గోదావరిఖని క్వార్టరు తలుపు గుర్తొచ్చింది.

అమ్మ లేని ఇల్లు మాది. బొగ్గు గనిలో కప్పు కూలకుండా నిలబెట్టే దుంగలు కొలిచే నాయనకు ఇంట్లోనూ 'మెజర్' అన్నదే మాట. "ఉప్పు మెజర్ చేసి ఎయ్యిరా" అనేవాడు. "రా, నిన్ను మెజర్ చేస్త" అని తలుపుకు ఆనించి, నెత్తి మీదుగా బొగ్గుతో గీసేవాడు. మీ ఇళ్లలోనూ ఇంతే కదా? ఆయన డ్యూటీలో ఉంటే నాకు నేనే గీసుకునేవాణ్ణి. అవన్నీ వంకరే. "ఒక్కనివే మెజర్ చేసుకోకురా, నేనొచ్చేదాక ఆగు" అనేవాడు. ఆగేవాణ్ణి, తలుపుకు ఆనుకొని.

పెద్దపల్లి అక్కకు, శ్రీరాంపూర్ బావకు, జ్యోతినగర్ చిన్నకాకకు ఈ కబురు ఎవరైనా చెప్పండి. పోయిన నాయనకు నేనే చెప్పుకుంటాను.