ఒక్క తిట్టు కోసం

సితాన్ దియారా ఎక్కడ కూర్చుంటుందో బమాకో ఊళ్ళోని మెదీన్ బజారులో ఎవరినీ అడగక్కర్లేదు. ముక్కే దారి చూపిస్తుంది. ఆమె అమ్మేది సుంబలా. నెరే చెట్టు గింజల్ని రోజంతా ఉడకబెట్టి, పొట్టు తీసి, గోనె కప్పి మాగేసి, దంచి, నల్లటి ఉండలు కట్టి తెస్తుంది. ఆ ఉండ పడకపోతే బమాకోలో పులుసు పులుసే కాదు. కానీ ఆ వాసన చేతికంటితే సబ్బు అరిగిపోవాలే తప్ప అది వదలదు.

ఆమెది సెగు దగ్గర పల్లె. మొగుడు పోయాక వీపున పిల్లని కట్టుకుని, నెత్తిన బుట్టతో ఈ బజారులో చోటు వెతుక్కుంటూ తిరిగింది. అప్పుడు గిన్నెల కొట్టు జుమానా అరుగు మీంచి కేకేసి ఇంటిపేరేంటని అడిగాడు.

“దియారా.”

“ఓర్నాయనో, దొంగల వంశం! నువ్వు కళ్ళెదురుగా ఉంటేనే నాకు నయం. ఇక్కడే కూర్చో, కనిపెట్టుకుని ఉంటాను.”

“నువ్వు ట్రావోరేవా? బొబ్బర్లు మెక్కి గుర్రు పెట్టేవాడివి, నువ్వేం కనిపెడతావు?” అంటూ ఆమె బుట్ట దించేసింది.

అంతే. అద్దె మాట రాలేదు. దియారాలకీ ట్రావోరేలకీ తాతల నాటి నుంచి వేళాకోళం వరస. ఏమన్నా పడాలి, కోపం తెచ్చుకోకూడదు. అలా ఒకరినొకరు తిట్టుకున్నాక కూర్చోవడానికి చోటు లేదనడం బజారులో ఎవరూ ఒప్పుకోరు. ఆ అరుగు మీద కూర్చునే సితాన్ పిల్లని పెంచింది, పెళ్ళి చేసింది, తలా నెరిసింది. పొద్దున్నే జుమానా చేత నాలుగు తిట్లు తిని, ఆరు తిట్టందే ఆమెకి బేరం మొదలైనట్టే ఉండేది కాదు.

మొన్న ఎండాకాలం జుమానా పోయాడు. పాడె లేపినప్పుడు సితాన్ వాకిలికి అడ్డంగా నిలబడింది. “ఎక్కడికి మోసుకుపోతున్నారు? పని తప్పించుకోడానికి పడుకున్నాడు వీడు. దించండి, లేపుతాను!” అని అరిచింది. వరసైన వాళ్ళు చెయ్యాల్సిన పని అది. మోసేవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూనే నవ్వారు, మర్యాదకిచ్చే కోలా కాయలు ఆమె చేతిలో పెట్టి దారి అడిగారు. దారిచ్చేసి, గోడ వెనక్కి వెళ్ళి కూలబడి ఏడ్చింది.

కొడుకు సెరిబా కొట్టు చేతికి తీసుకున్నాడు. గిన్నెలు తీసేసి ఫ్రిజ్‌లు తెచ్చాడు. మంచివాడే. ఓ రోజు సితాన్ ముందు గొంతుక్కూర్చుని నెమ్మదిగా చెప్పాడు.

“అమ్మా, ఏమీ అనుకోకండి. ఫ్రిజ్ కొనడానికొచ్చినవాళ్ళు గుమ్మంలోంచే ముక్కు మూసుకుని తిరిగిపోతున్నారు. వానలు పడేలోగా మీరు వేరే చోటు చూసుకోండి.”

“మీ ముత్తాత బొబ్బర్లు తిని ఊరంతా కంపు చేస్తే మేం ఊరు మారామా?” అంది సితాన్.

“అలాగేనమ్మా,” అని తల వంచుకుని లోపలికెళ్ళిపోయాడు.

పక్కన టమాటాలమ్మే కుంబా బుగ్గ నొక్కుకుంది. “వీడు ముదురే అక్కా! ఒక్కసారి తిరిగి తిట్టాడంటే వరస కలిసిపోద్ది, ఇంక నిన్ను లేపలేడు. అందుకే నోటికి తాళం వేసుకున్నాడు.”

“ఆ తాళం నేను తీస్తాలే.”

ఆ రోజు నుంచి అదే పని. అతని నడక, అతని టోపీ, ఫ్రిజ్‌లు తుడిచే తీరు, దేన్నీ వదల్లేదు. “నీ ఫ్రిజ్‌లో ఏం దాస్తారు, మీ ఇంట్లో మిగిల్తేగా!” అంది. చుట్టుపక్కల వాళ్ళు పడీ పడీ నవ్వారు. సెరిబా మాత్రం “మీ దయమ్మా” అన్నాడు. ఆకాశంలో మబ్బులు కమ్ముతున్నాయి. ఖాళీగా ఉన్న చోటు మాంసం కొట్ల అవతల ఒక్కటే. అక్కడ నీడ లేదు, తెలిసిన మొహం లేదు.

చివరికి సితాన్ అలిసిపోయింది. అది ఎత్తుగడా కాదు, ఏమీ కాదు. ఓ పొద్దున లేచేసరికి తిట్టడానికి ఓపిక లేకపోయింది.

“సెరిబాగారూ, తమరు చెప్పినట్టే శుక్రవారం ఖాళీ చేస్తానండి,” అంది.

కుంబా చేతిలో టమాటా జారిపోయింది. సెరిబా సంతోషించాలిగా? మొహం చిన్నబోయింది. సాయంత్రం గ్లాసులో టీ పోసి తెచ్చాడు. వాళ్ళ నాన్న టీ తెస్తే గాడిద ఉచ్చ అని తాగేది. ఇప్పుడు రెండు చేతులతో అందుకుని, “దేవుడు తమర్ని చల్లగా చూడాలి” అని దీవించింది. అతను గ్లాసు కోసం కూడా ఆగకుండా లోపలికెళ్ళిపోయాడు.

“ఏం చేశావురా ఆవిడని?” అని వచ్చిన ప్రతివాడూ అతన్నే నిలదీశాడు. “నన్ను కూడా బాబూ అని పిలిచింది! ఒంట్లో బాగాలేదా?”

శుక్రవారం పొద్దున సితాన్ సరుకు సర్దుకుని బుట్ట నెత్తికెత్తుకుంది. అప్పుడే తోపుడు బండి మీద పెద్ద ఫ్రిజ్ వచ్చింది. సెరిబా, కూలీలు కలిసి దించుతున్నారు. ఆమె పక్కకి తప్పుకుంటూ, “పాదం జాగ్రత్త, బాబుగారూ,” అంది.

సెరిబా ఫ్రిజ్ దభీమని కింద పెట్టేశాడు.

“చాల్లే ఆపు! బాబుగారంట! దియారా నోట్లోంచి మర్యాద వస్తుంటే నాకు వెన్నులో చలి పుడుతోంది. ఎవరింట్లో దొంగిలించావు ఆ మర్యాద? పో, తిరిగిచ్చేసి రా!”

అనేశాక గానీ ఏమన్నాడో అతనికి తెలీలేదు. కూలీలు నోరెళ్ళబెట్టారు. కుంబా చప్పట్లు చరుస్తూ, “అన్నాడు! అందరూ విన్నారు!” అని వీధి మొత్తానికి వినిపించేలా అరిచింది.

సితాన్ నెత్తి మీద బుట్ట మెల్లగా దించింది. సెరిబా నుదురు కొట్టుకున్నాడు, ఆ తర్వాత అతనికీ నవ్వాగలేదు.

“సరే, ఉండు. కానీ గుమ్మం ముందు కాదు, పక్క గోడవైపు. బుట్టకి మూత వెయ్యి.”

“మూతేస్తే నా సరుకు ఎవడికి తెలుస్తుందిరా?”

“సగం మూత.”

“సగమే,” అంది సితాన్.

పక్క గోడవైపు పొద్దుటిపూటే నీడ. మధ్యాహ్నం ఎండ తిరిగేసరికి సెరిబా ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె విప్పి, ఆమె తలమీదికి వచ్చేలా గోడకి చేరేశాడు. సితాన్‌కి చదువు రాదు. కానీ అట్ట మీద పైకి చూడాల్సిన బాణం గుర్తు నేల వైపు చూస్తోంది.

“ఇటు చూడవే కుంబా,” అంది ఆమె గొంతు సవరించుకుని, “ఈ ట్రావోరేలకి పైకీ కిందకీ తేడా తెలీదు, ఫ్రిజ్‌లు అమ్ముతారట!”