కుప్పలో పడ్డాక ఎవరిదని లేదు

"ఈసారి ఎండ బాగుంది వదినా. ఏరడానికి నువ్వు రానక్కర్లేదు."

"ఏరడానికి గాకపోతే తినడానికొస్తా. నువ్వు ముందు ఆ జ్వరం మాత్రలు మింగు."

నేనూ చిలకమ్మా ఫోనులో అనుకున్న ఆఖరి మాటలివి. పోయిన చలికాలం ఆ వారంలోనే ఆమె పోయింది. పాడేరు కొండల మీద ఒక ఊళ్ళో కొన్ని ఇళ్ళ ఆడవాళ్ళు కలిసి కాఫీ పండిస్తారు. వాళ్ళకు పెద్దదిక్కు ఆమె. నాది నరసరావుపేట కోర్టు దగ్గర కాఫీ కొట్టు. మా ఆయన క్వారీ లారీ తోలుతూ పోయాక కొన్నేళ్ళు మిరప కల్లాల్లో కూలికి పోయాను. మోకాళ్ళు మొరాయిస్తే ఈ కొట్టు పెట్టుకున్నాను. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు సుజాత రాస్తోంది.

మొదట్లో పొడి బజార్లోనే కొనేదాన్ని. అందులో సగం చికోరీ, అంటే వేరుదుంప వేయించి కొట్టిన పొడి. ఒకసారి డ్వాక్రా ఆడవాళ్ళతో కొండలు చూడబోతే చిలకమ్మ ఓ గ్లాసు కాఫీ చేతికిచ్చింది. అది తాగి, ఇది నాకు పంపుతావా అని అడిగాను. అట్లా మొదలైంది. మధ్యలో షావుకారు లేడు. పంటకు ముందే ధర ఇద్దరం మాట్లాడుకునేవాళ్ళం. వాళ్ళకు గిట్టకపోతే ఆమె చెప్పేది, నాకు బరువైతే నేను చెప్పేదాన్ని. గింజలు నేనే వేయించి పొడి కొట్టేదాన్ని. ఆ డికాషన్ కోసం వకీళ్ళు, వాయిదాలకొచ్చిన వాళ్ళు, పక్క కొట్లు దాటి నా దగ్గరికొచ్చేవాళ్ళు.

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, గింజలు అడుగంటుతున్న వేళ ఆమె ఫోను చేసింది. "సరుకు పంపనొదినా. తుపాను ముసురు పట్టింది. వాసన పాడైపోనాది."

"పాడైతే మాడ్చి వేయిస్తా, చికోరీ కలుపుతా. ఎవరికి తెలుస్తది?" అన్నాను.

"నాకు తెలుస్తాది కదా," అని పెట్టేసింది.

పక్కనున్న జిరాక్స్ శీను నవ్వాడు. "ఇంకెవడో ఎక్కువిచ్చుంటాడు పిన్నీ. కొండోళ్ళు నిన్ను ఎర్రిదాన్ని చేశారు."

నాకు కడుపు మండింది. కొట్టు మూతబడితే మళ్ళీ కల్లానికి పోవాలి. అక్కడ రోజంతా గొంతుక్కూర్చునే మోకాళ్ళు నాకు లేవు. విజయవాడలో రైలెక్కి, ఘాట్ బస్సులో వాంతులు చేసుకుంటూ ఆ ఊరు చేరాను.

కాఫీ ఎక్కడికీ పోలేదు. గుడిసె వసారాలో ఒకటే కుప్పగా ఉంది. పండు తొక్క తీసి ఎండబెట్టిన గింజ, పైన పల్చటి పొట్టుతో ఉండేదాన్ని పార్చ్‌మెంట్ అంటారు. అందరి ఇళ్ళదీ తెచ్చి ఒకే కుప్ప పోయడం, వచ్చింది సమంగా పంచుకోవడం వాళ్ళ కట్టుబాటు. పిడికెడు తీసి వాసన చూశాను. మంచి వాసన మధ్యలో ముక్కిన కంపు. ఎవరి ఇంట్లోనో చూరు కారి తడిసిన గింజ వచ్చి కుప్పలో కలిసింది.

మా మిరప కల్లాల్లో బస్తాను టిక్కీ అంటారు, ప్రతి టిక్కీ మీదా రైతు పేరుంటుంది. రంగు పోయిన తాలుకాయ ఎవడి టిక్కీలో ఉంటే నష్టం వాడిదే. నా నోటికి ఆ అలవాటే వచ్చింది. "ఎవరిదే తడిసింది? ఆళ్ళది తీసి పారేయండి, మిగతాది నాకు పంపండి."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా తల దించుకున్నారు. చిలకమ్మ నా గ్లాసులో కాఫీ పోస్తూ నెమ్మదిగా అంది: "కుప్పలో పడ్డాక ఎవరిదని నేదొదినా."

"నీకు తెలుసుగా?"

"తెలుసు. ఆ ఇంటి పేరు చెప్తే వచ్చే ఏడు ఆళ్ళు కుప్పకి రారు. విడిగా షావుకారు కాటాకి పోయి మోసపోతారు. నీకు కాఫీ పంపకపోతే నువ్వు తిడతావు, అంతే కదా. తిట్టు."

నేను కొంగు బిగించి, "చాటలు తెండే. మా ఊళ్ళో తాలు ఏరినట్టు ఏరదాం," అన్నాను.

"ఒక్కో గింజా?" అని ఒకావిడ నోరెళ్ళబెట్టింది.

"మిరపకాయైతే ఘాటుకి ముక్కు కారుద్ది. ఇది నయమే కదమ్మా," అంటే అందరూ నవ్వారు.

పొట్టు ఆడించాం. చాటల్లో పోసుకుని వరసగా కూర్చున్నాం. నల్లబడినది, మచ్చ పడినది, వాసన తేడాగా ఉన్నది పక్కకు తీశాం. నేను కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. చిలకమ్మ ప్రతి చాటా తనే చివరిసారి వాసన చూసేది. రోజుల తరబడి ఏరితే సగానికి పైగా బతికింది. పోయిన దాని నష్టం అన్ని ఇళ్ళూ పంచుకున్నాయి. తక్కువ వచ్చిందని ఎవరూ మాట అనలేదు. ఆ వేసవి నేను మధ్యాహ్నాలు కొట్టు మూసి, పొద్దున మాత్రమే పొయ్యి వెలిగించాను. ఉన్న కొద్ది గింజతోనే నడిపాను, బజారు పొడి కలపలేదు. వచ్చేవాళ్ళు పొద్దున్నే రావడం నేర్చుకున్నారు.

నేరుగా కొనడమంటే షావుకారు లేకపోవడమే అనుకునేదాన్ని. వాళ్ళ కుప్పకు ముసురు పడితే నా కొట్టుకూ పడినట్టేనని అప్పుడు తెలిసింది. ఎవరి పరువూ పోకుండా నష్టాన్ని ఎట్లా మోయాలో చిలకమ్మ దగ్గర చూశాను. అంతటి మనిషిని మళ్ళీ చూడలేదు.

ఏరేటప్పుడు నా పక్కన కూర్చున్న ఒకామె, అందరూ అన్నాలకు లేచినా చాట వదిలేది కాదు. ఆ చూరు ఎవరిదో నాకు ఆనాడే తెలిసిపోయింది. చిలకమ్మ ఆ పేరు పైకి అనకుండానే పోయింది. ఏమే సుజాతా, మొదట్నించీ ఒకసారి చదువు. ఆ చూరు ఇంటామె పేరు నా నోట ఎక్కడన్నా జారిందేమో వింటాను.