ఎర్గెష్ గారి బావమరుదులు

ఎర్గెష్‌కి కనిపించిన ప్రతివాణ్ణీ బావమరిదిని చేసుకునే పిచ్చి ఉండేది. తలుపు తట్టింది గొర్రెల బేరగాడైనా, పన్ను వసూలుకొచ్చినవాడైనా ముందు కూర్చోబెట్టి టీ పోసి, "ఏడు తరాల తాతల పేర్లు చెప్పు నాయనా" అనేవాడు. కిర్గిజ్ పుట్టుక పుట్టి ఆ ఏడు పేర్లూ రాకపోతే పరువు తక్కువ. వచ్చినవాడు గడగడా చెప్పేవాడు, రానివాడు నీళ్లు నమిలేవాడు. ఎలా చెప్పినా ఆఖరికి తేలేది ఒకటే: వాడు ఎర్గెష్‌కి బావమరిది.

ఈ బావమరుదులందరికీ వండి వార్చేది మాత్రం ఆయన భార్య ఊల్కన్. లోకంలో ఎవరికైనా ఇద్దరో ముగ్గురో బావమరుదులుంటారు గానీ, ఈయనకి జిల్లా మొత్తం బావమరుదులేనని, మందలో గొర్రెలు మిగలడం లేదని సాధించేది. ఆయన మీసం దువ్వుకుని, ఇంకో గొర్రె ఉందిగా అనేవాడు.

ఊల్కన్ చిరాకు వెనక ఒక దిగులుంది. ఆవిడకి నా అన్నవాళ్లు లేరు. పసితనంలోనే తల్లీతండ్రీ పోతే, వాగు అవతల ఉజ్బెక్‌ల ఇంట్లో, వాళ్లమ్మాయి ముకర్రంతో ఒకే కంచంలో తిని పెరిగింది. అప్పట్లో అటూ ఇటూ ఒకే దేశం. తర్వాత దేశాలు రెండయ్యాయి. వంతెనకి గేటొచ్చింది, గేటుకి తుపాకీ వచ్చింది. ఆపైన రెండు ప్రభుత్వాలూ నీళ్ల దగ్గర మాటామాటా అనుకుని గేటు మూసేశాయి. పెళ్లికో చావుకో వెళ్లొచ్చు, అదీ రక్తసంబంధమైతేనే. ఊల్కన్ వాగు ఒడ్డున నిలబడి, అవతల ముకర్రం ఆరేసిన బట్టలు చూసి వచ్చేది.

అలా ఉండగా ఊరికి రోడ్డు యోగం పట్టింది. రష్యా వేస్తానంది, చైనా వేస్తానంది, టర్కీ కూడా వేస్తానంది. ఎవరిని కాదంటే ఎవరికి కోపమొస్తుందోనని రాజధానిలో వాళ్లు అందరికీ ఊ అన్నారు. ముగ్గురు ఇంజనీర్లు దిగి, ఒకే కొండని మూడు వైపుల నుంచి కొలుస్తూ, ఒకరి మొహం ఒకరు చూడకుండా తిరిగారు.

ఎర్గెష్‌కి పండగే. ముగ్గురినీ ఒకే పళ్లెం ముందు కూర్చోబెట్టాడు. రష్యా గెన్నాదీకి తాత పేరు దగ్గరే బండి ఆగిపోయింది.

"పర్లేదు, మిగతావి నేను చూసుకుంటాను" అన్నాడు ఎర్గెష్.

చైనా లువో ఏడు దాటి ఇంకా చెప్పుకుపోతూనే ఉంటే టీ చల్లారిపోయింది. టర్కీ నెజాత్ అయితే గుమ్మంలోనే కౌగిలించుకుని, మనం మనం అన్నదమ్ములమే కదా అన్నాడు.

"కాదు, బావమరిదివి" అని ఎర్గెష్ గట్టిగా దిద్దాడు.

ఇక గొర్రె తల. అది పెద్ద అతిథికి పెట్టాలి. ఎవరి ముందు పెట్టినా మిగతా ఇద్దరికీ కడుపు మండుతుంది. ఎర్గెష్ దాన్ని తిన్నగా తీసుకెళ్లి ఊల్కన్ ముందు పెట్టి, ఈ ఇంట్లో అందరికంటే పెద్ద ఈవిడే అన్నాడు. ముగ్గురూ తలూపి బొమికలు తిన్నారు.

అంతలో ముకర్రం మనవరాలికి పెళ్లి కుదిరింది. ఊల్కన్ ఉన్నవాటిలో మంచి శాలువా కప్పుకుని గేటు దగ్గరికి వెళ్లింది. అవతలి కెప్టెన్ మొహం గంటు పెట్టుకుని, ముకర్రం నీకేమవుతుందని అడిగాడు. ఆవిడకి అబద్ధం నోరు తిరగదు.

"కలిసి పెరిగాం బాబూ" అంది.

కుదరదన్నాడు. ఊల్కన్ ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుని భోరున ఏడ్చింది. ఎర్గెష్ టోపీ పెట్టుకుని బయటికెళ్లాడు. ముగ్గురు ఇంజనీర్లనీ విడివిడిగా కలిసి, మిగతా ఇద్దరూ పెళ్లికొస్తున్నారని ఒక్కొక్కరి చెవిన వేశాడు.

పెళ్లినాటి పొద్దున గేటు ముందు ఊల్కన్ వెనక ముగ్గురూ నిలబడ్డారు, తలా ఒక కిర్గిజ్ టోపీతో.

"వీళ్లెవరు?" అన్నాడు కెప్టెన్.

"నా బావమరుదులు. అక్కని పెళ్లికి తీసుకెళ్తున్నారు" అన్నాడు ఎర్గెష్.

కెప్టెన్ పైవాళ్లకి ఫోన్ చేశాడు. ఒక రష్యా ఆయన, ఒక చైనా ఆయన, ఒక టర్కీ ఆయన ఒకే ముసలావిడకి తమ్ముళ్లట సార్ అన్నాడు.

"ఒకణ్ణి ఆపితే ఒకడికి కోపం. ఒకణ్ణి వదిలితే ఇద్దరికి కోపం. అందర్నీ వదిలెయ్" అంది ఫోను.

"మరి ముసలావిడ సార్?"

"ఆవిడ లేకుండా తమ్ముళ్లేమిటయ్యా?"

గేటు తెరుచుకుంది. వంతెన మధ్యలో ఊల్కన్ ఠక్కున ఆగిపోయింది.

"ఇన్నేళ్లలో ఒక్కణ్ణి కూడా తమ్ముడూ అని పిలవలేదేం నువ్వు? అందరూ బావమరుదులేనా?"

"తమ్ముళ్లు నాకున్నారు. లేనిది నీకే కదా" అన్నాడు ఎర్గెష్, వాగు వంక చూస్తూ.

ఊల్కన్ శాలువా చెంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ మాటేదో ముందే చెప్పి ఏడిస్తే మా అన్నదమ్ములకి విసుక్కుంటూ వండేదాన్నా అని దులిపేసింది. అవతల గట్టు మీద ముకర్రం చేతులు చాచుకుని నిలబడి ఉంది.

సాయంత్రం తిరిగొస్తూ ఊల్కన్ గేటు దగ్గర ఆగి, గుడ్డలో కట్టిన పెళ్లి పులావు కెప్టెన్ చేతిలో పెట్టింది.

"ఏడు తరాల తాతల పేర్లు చెప్పు నాయనా."

కెప్టెన్ రెండు చెప్పి నీళ్లు నమిలాడు.

"పర్లేదు తమ్ముడూ, మిగతావి మా ఆయన చూసుకుంటాడు" అంది ఊల్కన్.